కారు టైర్లలో గాలి ఎంత పెట్టాలి? తిరుపతి ఎండకు, కొండ దారికి సరిపడే లెక్క

తిరుపతిలో ఏ పెట్రోలు బంకుకు వెళ్లి గాలి పట్టమన్నా మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "ముప్పై అయిదు పెట్టేయమంటారా సార్?" కారు చిన్నదా పెద్దదా, అందులో ఇద్దరున్నారా ఏడుగురా, రాత్రంతా నీడలో ఉండి వచ్చిందా లేక మిట్టమధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద కాలి వచ్చిందా అన్నది ఆ అబ్బాయికి తెలియదు. తెలుసుకునే తీరికా ఉండదు, వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటాయి. మనం "ఆఁ, పెట్టు" అనేసి ఫోను చూసుకుంటాం. ఎంత పెట్టాలో చెప్పవలసింది నిజానికి మనమే. ఆ అంకె ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎప్పుడు కొంచెం పెంచాలో, ఎప్పుడు అసలు ముట్టుకోకూడదో చూద్దాం.

ముందు డ్రైవరు తలుపు తెరవండి

తలుపు తెరవగానే, అది వచ్చి మూసుకునే నిలువు కమ్మీ మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. కొన్ని కార్లలో అది పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. రెండు చోట్లా లేకపోతే కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్‌లో చూడండి. పాత కారు కొన్నవారికి స్టిక్కరు చిరిగిపోయి, మాన్యువల్ కూడా చేతికి రాకపోవచ్చు. అప్పుడు అదే మోడల్, అదే ఏడాది, అదే టైరు సైజున్న మరో కారు తలుపు చూస్తే చాలు.

స్టిక్కరు మీద టైరు సైజు, దాని పక్కన ముందు టైర్లకు ఒక అంకె, వెనక టైర్లకు ఒక అంకె ఉంటాయి. ఆ అంకెలు పీఎస్ఐలో ఉండవచ్చు, బార్‌లో ఉండవచ్చు, కేపీఏలో ఉండవచ్చు, మూడూ గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణాలే. 230 కేపీఏ అన్నా, 2.3 బార్ అన్నా, సుమారు 33 పీఎస్ఐ అన్నా ఒకటే. ఇదొక్కటి గుర్తుంటే మిగతావి లెక్కగట్టుకోవచ్చు: 210 అంటే 30 పీఎస్ఐ, 220 అంటే 32, 250 అంటే 36. మన దగ్గర తిరిగే మామూలు పెట్రోలు, డీజిలు కార్లలో ఎక్కువ వాటికి ఈ అంకె 29కి, 36కి మధ్య ఉంటుంది. విద్యుత్ కార్లకు బ్యాటరీ బరువు వల్ల తరచుగా అంతకంటే ఎక్కువ ఉంటుంది.

కొన్ని స్టిక్కర్ల మీద రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పటిది, రెండోది సీట్లు, డిక్కీ నిండినప్పటిది. ఆ రెండో వరుసను మన ఊళ్లో ఎవరూ చదవరు. చదవవలసిన ఊరు మాత్రం మనదే, దాని సంగతి తరువాత చెబుతాను.

టైరు పక్క గోడ మీద అచ్చు వేసిన అంకెను స్టిక్కరు అంకెతో కలపకండి. అక్కడ 44 అనో 51 అనో ఉంటుంది. ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం అది, మీ కారుకు కావలసిన గాలి కాదు. ఒకే టైరును రకరకాల కార్లకు వేస్తారు, ఏ కారు ఎంత బరువో టైరు తయారు చేసినవారికి తెలిసే అవకాశం లేదు. కారు బరువు, ఆ బరువు ముందు ఎంత పడుతుంది, వెనక ఎంత పడుతుంది, బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు ఎలా నడవాలి అన్నది చూసి అంకె నిర్ణయించినవారు కారు తయారీదారులు. వారి మాట తలుపు దగ్గర ఉంది.

చల్లటి టైరు అంటే ఏమిటి

స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు చెప్పినది. చల్లగా అంటే చలికాలంలో అని కాదు. కారు కనీసం మూడు గంటల పాటు కదలకుండా, ఎండ తగలకుండా ఉండాలి. లేదా రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. ఈ ఒక్క షరతు దగ్గరే దాదాపు అందరి లెక్కా తప్పుతుంది.

టైరు నడుస్తున్నప్పుడు రోడ్డుకు ఆనే భాగం నొక్కుకుని, మళ్లీ నిటారుగా అవుతూ ఉంటుంది. ఒక్కో చుట్టుకూ ఇది జరగాల్సిందే. ఆ వంపులో రబ్బరు, లోపలి తీగలు వేడెక్కుతాయి, గాలి వేడెక్కుతుంది, పీడనం పెరుగుతుంది. 33 పీఎస్ఐ ఉన్న టైరులో గాలి వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. హైవే మీద అరగంట నడిచిన కారులో నాలుగు పీఎస్ఐ పెరగడం మామూలే. అంటే తెల్లవారుజామున 33 ఉన్న టైరు పుత్తూరు చేరేసరికి 37 చూపిస్తుంది. అక్కడ బంకులో గేజీ చూసి "అమ్మో, ఎక్కువైంది" అని నాలుగు వదిలించారనుకోండి, రాత్రికి కారు చల్లారాక మిగిలేది 29. మరునాడు అదే 29తో చెన్నై నుంచి తిరిగి బయలుదేరుతారు.

అందుకే కచ్చితంగా పాటించవలసిన నియమం ఒకటి రాస్తున్నాను: వేడిగా ఉన్న టైరులోంచి గాలి వదలకండి. గేజీ ఎంత చూపించినా సరే. కారు తయారీదారులు 33 అని రాసినప్పుడే అది 37, 38 దాకా వెళుతుందని తెలిసి రాశారు. టైరు గోడ మీది గరిష్ఠం కూడా చల్లటి టైరుకు చెప్పినదే.

ఎండాకాలం గాలి తగ్గించాలా?

వద్దు. ఇది మన ప్రాంతంలో బాగా పాతుకుపోయిన నమ్మకం కాబట్టి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. మే నెలలో తిరుపతి ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, తారు దానికంటే చాలా వేడిగా ఉంటుంది, గాలి వ్యాకోచిస్తుంది, టైరు పేలుతుంది, కనుక ముందే మూడు నాలుగు తగ్గిస్తే మంచిది. పెద్దవాళ్లు చెబుతారు, టాక్సీ నడిపేవారు చెబుతారు, ఒక్కోసారి పంక్చరు షాపులోనూ చెబుతారు.

జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మంచి స్థితిలో ఉన్న టైరు ఎండకు పెరిగే నాలుగైదు పీఎస్ఐకి పేలదు, దాని బలం అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. టైరును చంపేది లోపలి వేడి. గాలి తక్కువైన టైరు రోడ్డు మీద ఎక్కువ వంగుతుంది, పక్క గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువ మడతపడతాయి. ఆ మడత వేడిని పుట్టిస్తుంది, వేడికి రబ్బరు, లోపలి పొరలు ఒకదాన్నొకటి వదులుతాయి. 42 డిగ్రీల ఎండలో ఆ వేడి బయటికి పోయే దారి కూడా తక్కువ. నాయుడుపేట వైపు వెడల్పాటి రోడ్డు మీద నూరు కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక టైరు ముక్కలైందంటే చాలాసార్లు కారణం ఎక్కువ గాలి కాదు. తక్కువ గాలి, పాత టైరు, మోయలేని బరువు, ఈ మూడింటిలో ఏదో ఒకటి, లేదా మూడూ కలిసి.

కనుక ఎండాకాలంలో చేయవలసినది తగ్గించడం కాదు, స్టిక్కరు అంకెను తెల్లవారుజామున సరిగ్గా ఉంచడం. సూర్యుడు రాకముందు కొలవండి. ఇంటి ముందు కారుకు ఒక వైపే ఎండ పడుతుంటే ఆ వైపు టైర్లు రెండు పీఎస్ఐ ఎక్కువ చూపించి మిమ్మల్ని మోసం చేస్తాయి.

చలికాలానికి దీని రెండో ముఖం ఉంది. మే నెల తెల్లవారుజాము కంటే ధనుర్మాసం తెల్లవారుజాము పది డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఎండాకాలంలో సరిచేసి వదిలేసిన టైరులో ఆ చలికే ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది. దానికి తోడు రంధ్రం ఏమీ లేకపోయినా రబ్బరు గుండా నెలకు సుమారు ఒక పీఎస్ఐ దిగుతుంది. అన్నీ కలిపితే మే నెలలో 33 పెట్టించి మరిచిపోయిన టైరు వైకుంఠ ఏకాదశి నాటికి 25 దగ్గర తేలవచ్చు. డిసెంబరులో ఉదయాన్నే కారు స్టార్టు చేయగానే డాష్‌బోర్డు మీద గాలి తక్కువైందన్న పసుపు దీపం వెలుగుతోందంటే ఇదే కథ. ఆ దీపం చాలా కార్లలో దాదాపు పాతిక శాతం తగ్గిన తరువాతే వెలుగుతుంది. అది వెలగలేదంటే గాలి సరిగా ఉందని కాదు, మరీ ప్రమాదంగా లేదని మాత్రమే.

సొంత గేజీ కొనండి, బంకులో ఇలా అడగండి

టైరు చూసి గాలి చెప్పగలమనుకోవడం భ్రమ. ఇప్పటి రేడియల్ టైర్లు సరిగా గాలి ఉన్నా కింద కొంచెం ఉబ్బినట్టే కనిపిస్తాయి. 33 ఉన్న టైరు, 25 ఉన్న టైరు పక్కపక్కన పెడితే తేడా తెలియదు. లారీ డ్రైవర్లు ఇనుప కడ్డీతో కొట్టి చప్పుడు విని చెబుతారు, అది వాళ్ల టైర్లకు, వాళ్ల చెవులకు. కారు టైరును కాలితో తన్ని చూడటం వల్ల చెప్పు అరుగుతుంది, అంతే.

కొన్ని వందల రూపాయలకు చేతిలో ఇమిడే గేజీ వస్తుంది. డిజిటల్‌ది అయినా, ముల్లు తిరిగేది అయినా ఫరవాలేదు. ముఖ్యమేమిటంటే ఎప్పుడూ అదే గేజీతో చూడాలి. బంకుల్లో యంత్రాలు ఒకదానికొకటి రెండు మూడు పీఎస్ఐ తేడా చూపిస్తాయి. గొట్టం రోజంతా నేలకేసి కొట్టుకుంటుంటే ఆ యంత్రం సరిగా చూపిస్తుందని ఎలా ఆశిస్తాం? సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలించుకునే చిన్న పంపు కూడా ఉంటే ఇంటి దగ్గరే పని ముగుస్తుంది. అపార్టుమెంటు సెల్లారులో కారు పెట్టేవారికి ఇంతకంటే సుఖమైన పద్ధతి లేదు, ఎందుకంటే అక్కడ ఎండా తగలదు, టైరూ చల్లగానే ఉంటుంది.

పంపు లేదు, బంకుకే వెళ్లాలి, బంకు అయిదు కిలోమీటర్ల దూరం. అక్కడికి వెళ్లేసరికి టైరు వేడెక్కుతుంది. అప్పుడు ఇలా చేయండి. ఇంటి దగ్గర, కారు కదలకముందే నాలుగు టైర్లూ కొలిచి కాగితం మీద రాసుకోండి. ముందు ఎడమ టైరులో 29 ఉంది, కావలసింది 33 అనుకుందాం. లోటు నాలుగు. బంకుకు వెళ్లాక అదే టైరు 31 చూపిస్తుంది, వేడికి రెండు పెరిగింది. మీరు 33 దగ్గర ఆపకూడదు, 31కి నాలుగు కలిపి 35 పెట్టమనాలి. రాత్రి చల్లారాక అది 33కు వచ్చి నిలబడుతుంది. ఒక్కో టైరుకు దాని లోటును దానికే కలపాలి. పట్టేవారికి "ఈ టైరుకు 35, ఆ టైరుకు 34 పెట్టు బాబూ" అని ఒక్కో టైరు దగ్గరా నిలబడి చెప్పాలి, లేకపోతే నాలుగింటికీ ఒకటే పెట్టేస్తాడు. మరునాడు ఉదయం మీ గేజీతో ఒకసారి సరిచూసుకోండి, ఆ బంకు యంత్రం ఎంత నిజం చెబుతుందో కూడా తెలిసిపోతుంది.

పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధన. పట్టిన అబ్బాయి చేతిలో పది రూపాయలు పెట్టడం మీ ఇష్టం, కానీ గాలికి ధర అడిగితే ఇవ్వనక్కర్లేదు.

గాలి పట్టాక వాల్వు మీద కొంచెం సబ్బు నీళ్లు వేసి చూడండి, బుడగలు వస్తే లోపలి పిన్ను మార్పించాలి. చిన్న ప్లాస్టిక్ మూతను తప్పక బిగించండి. దుమ్ము లోపలికి పోకుండా ఆపేది అదే, ఎక్కువగా పోయేదీ అదే.

నైట్రోజన్ గురించి ఒక మాట. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. శుద్ధ నైట్రోజన్ కొంచెం నెమ్మదిగా దిగుతుంది, అందులో తేమ ఉండదు, ఆ రెండు లాభాలూ నిజమే. కానీ వేడికి అది పెరగదన్నది అబద్ధం, పొడి గాలి ఎంత పెరుగుతుందో అదీ అంతే. ఉచితంగా పోస్తే పోయించుకోండి. అది దొరకలేదని గాలి తక్కువైన టైరుతో తిరగడం మాత్రం బుద్ధితక్కువ పని. రెండూ కలిస్తే ఏమీ కాదు.

బరువును బట్టి పెంచడం

స్టిక్కరు మీద రెండో వరుస ఉందని చెప్పాను కదా. తిరుపతి, చిత్తూరు కార్లకు ఆ వరుసతో పని పడే రోజులు ఎక్కువ. బంధువులు రైలు దిగుతారు, ఏడు సీట్ల కారులో పిల్లలతో కలిపి తొమ్మిది మంది ఎక్కుతారు, పైన క్యారియర్ మీద సంచులు. లేదా జూన్ నెలలో బంగారుపాళెం వైపు తోట నుంచి తోతాపురి మామిడి బుట్టలు డిక్కీ నిండా వేసుకుని బెంగళూరు చుట్టాలింటికి బయలుదేరుతారు. ఈ బరువంతా ఎక్కువగా వెనక ఇరుసు మీద పడుతుంది. అందుకే నిండు బరువుకు స్టిక్కరు మీద వెనక అంకె చాలాసార్లు బాగా పెరుగుతుంది, ముందుది కొంచెమే పెరుగుతుంది, ఒక్కోసారి పెరగదు కూడా.

రెండు వరుసలుంటే బయలుదేరే ముందు రోజు రాత్రో, తెల్లవారుజామునో రెండో వరుస ప్రకారం పెట్టించండి. తిరిగొచ్చాక మొదటి వరుసకు తగ్గించండి, అదీ టైరు చల్లారాకే. ఒకే వరుస ఉంటే కంగారు పడకండి. ఆ ఒక్క అంకె కారు మోయదగిన పూర్తి బరువుకూ సరిపోయేలా నిర్ణయించినదే. అయినా వెనక సీటు, డిక్కీ నిండి దూర ప్రయాణం చేస్తున్నప్పుడు వెనక టైర్లకు ఒకటి రెండు కలపడం నా అలవాటు. అంతకు మించి పెంచవలసి వస్తోందంటే తగ్గించవలసింది సామానును.

టైరు మోయగల బరువుకు ఒక హద్దు ఉంది. దాని గోడ మీద 185/65 ఆర్15 88హెచ్ వంటి అక్షరాలు ఉంటాయి కదా, అందులో 88 అన్నది బరువు సూచి. 88 అంటే ఒక్క టైరు 560 కిలోలు, 82 అంటే 475 కిలోలు, 91 అంటే 615 కిలోలు. ఆ బరువు మోయగలిగేది అందులో సరిపడా గాలి ఉన్నప్పుడే. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి.

బయట సీఎన్‌జీ కిట్టు బిగించుకున్నవారు ఒకటి గమనించండి. సిలిండరు బరువు ఎప్పుడూ వెనకే ఉంటుంది, మీ స్టిక్కరుకు ఆ సిలిండరు సంగతి తెలియదు. వెనక టైర్లకు రెండు పీఎస్ఐ శాశ్వతంగా కలిపి ఉంచుకోవడం మంచిది.

ముందుకు, వెనక్కు అంకెలు వేరుగా ఉంటే వేరుగానే ఉంచాలి. "అన్నింటికీ ఒకటే పెట్టేస్తే పోలా" అన్నది బద్ధకపు లెక్క. వెనక టైర్లలో గాలి ఉండవలసిన దానికంటే తక్కువైతే వేగంగా మలుపు తిరిగేటప్పుడు కారు వెనక భాగం జారాలని చూస్తుంది, అది అదుపు చేయడం చాలామందికి చేతకాదు. ఒకే ఇరుసు మీది ఎడమ, కుడి టైర్లు మాత్రం ఎప్పుడూ సమానంగా ఉండాలి. ఒకటి నాలుగు తక్కువైతే బ్రేకు వేయగానే కారు ఆ వైపుకు లాగుతుంది. టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించినప్పుడు గాలి కూడా కొత్త చోటికి తగ్గట్టు మార్చాలి. ఇది షాపుల్లో చాలాసార్లు మరిచిపోతారు.

కొండ ఎక్కేవారికి

తిరుమల ఘాట్ కోసం ప్రత్యేకంగా గాలి తగ్గించాలని ఒకరు, పెంచాలని ఒకరు చెబుతుంటారు. రెండూ అక్కర్లేదు. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా 700 మీటర్ల చిల్లర. పైన వాతావరణ పీడనం తక్కువ కాబట్టి అదే టైరు గేజీలో సుమారు ఒక పీఎస్ఐ ఎక్కువ చూపాలి. కానీ పైన చల్లన, ఆ చల్లదనానికి దాదాపు అంతే తగ్గుతుంది. ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడా లెక్క ఇంచుమించు ఇదే.

ఘాట్‌లో ఆలోచించవలసింది దిగేటప్పటి సంగతి. రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతాం, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో దిగుతాం. దిగేటప్పుడు కారు బరువు ముందుకు వాలుతుంది, ప్రతి మలుపులో ఒక ముందు టైరు తన వంతుకు మించి మోస్తుంది. ముందు టైర్లలో గాలి తక్కువగా ఉంటే దాని గోడ పక్కకు ఒరుగుతుంది, స్టీరింగు బద్ధకంగా తిరుగుతుంది, బయటి అంచు గరగరా అరుగుతుంది. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డిస్కు వేడి చక్రానికి, చక్రం నుంచి టైరుకు చేరుతుంది. రెండో గేరులో, మరీ నిటారైన చోట మొదటి గేరులో, ఇంజను పట్టు మీద దిగండి. కింద అలిపిరి దగ్గర ఆగి గేజీ పెడితే 40 కనిపించవచ్చు. వేడి టైరు నియమం గుర్తుందిగా, దాన్ని అలాగే వదిలేయండి. పలమనేరు వైపు మొగిలి ఘాట్‌కు, పీలేరు దారిలో భాకరాపేట ఘాట్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

కొత్త కారు కొని కాణిపాకంలో పూజ చేయించేవారు చాలామంది. కంపెనీ నుంచి వచ్చే కార్లలో, నెలల తరబడి యార్డులో నిలబడినా టైర్లు ఒకచోట చదునుబడకుండా, గాలి చాలా ఎక్కువ పెట్టి పంపుతారు. షోరూములో దాన్ని తగ్గించాలి. తగ్గించని కార్లు 40 దాటిన గాలితో నేరుగా ఇంటికి వస్తాయి. "కొత్త బండి, సస్పెన్షన్ బిగుతుగా ఉంది" అని సరిపెట్టుకుంటారు. నిమ్మకాయలు తొక్కించే ముందో, తరువాతో, మీ వీలు, ఒకసారి గేజీ పెట్టి చూడండి.

వానలో

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వాన. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో ఇంకా మరిచిపోలేదు. వానలో పట్టు కోసం గాలి తగ్గించాలన్న మాట కూడా వినిపిస్తుంది. ఇసుకలో అది నిజం, నీళ్లలో కాదు. నిలిచిన నీటి మీద టైరు తేలిపోయి జారే వేగం పీడనాన్ని బట్టి ఉంటుంది. విమానాల టైర్ల మీద జరిగిన పరిశోధనలో తేలిన సూత్రాన్ని కిలోమీటర్లలోకి మారిస్తే, పీఎస్ఐ అంకెకు వర్గమూలం తీసి దాదాపు 16.7తో గుణించాలి. 33 పీఎస్ఐకి గంటకు 96 కిలోమీటర్లు వస్తుంది, 25కు 83 వస్తుంది. కారు టైరు మీది గాళ్లు అరిగి ఉంటే ఇంకా ముందే తేలుతుంది, కాబట్టి దీన్ని అనుమతించిన వేగంగా తీసుకోకండి. గాలి తగ్గిస్తే ప్రమాదం దగ్గరికి వస్తుందన్నది ఇందులో చూడవలసిన విషయం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టం ప్రకారమే టైరు మార్చాలి. గాడి అడుగున ఉండే చిన్న దిమ్మెలతో టైరు పైభాగం సమానమైతే ఆ స్థితి వచ్చినట్టు.

పెట్టిన గాలి సరిపోయిందా?

అంకె పెట్టేశాక కూడా రోడ్డు మీద పరీక్షించుకోవచ్చు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు కొలిచి, హైవే మీద ముప్పావు గంట మామూలు వేగంతో నడిపి, ఆగగానే మళ్లీ కొలవండి. మూడు నుంచి అయిదు పెరిగితే మీ బరువుకు, వేగానికి గాలి సరిపోయింది. ఏడెనిమిది పెరిగిందంటే టైరు ఎక్కువగా వంగి వేడెక్కుతోంది, చల్లారాక రెండు కలపండి. అసలు పెరగనట్టే ఉంటే గాలి అవసరానికి మించి ఉందేమో చూడండి. ఎండ బాగా ఉన్న రోజు ఈ లెక్క కొంచెం పైకి జరుగుతుంది, అది దృష్టిలో పెట్టుకోవాలి.

నెలలు గడిచాక టైరే చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువగా నడిపారు. మధ్య అరిగి అంచులు బాగుంటే ఎక్కువగా నడిపారు. ఒక్క అంచే అరిగితే గాలిది తప్పు కాదు, అలైన్‌మెంటు చూపించాలి. ఓపిక ఉన్నవారు సుద్దముక్కతో టైరు మీద అడ్డంగా గీత గీసి, చదునైన చోట కారును కొన్ని మీటర్లు నడిపి, సుద్ద ఎక్కడ చెరిగిందో చూడవచ్చు.

మీ చేతిలో ఉన్న స్వేచ్ఛ చాలా చిన్నది: స్టిక్కరు అంకె నుంచి పైకి రెండు, మహా అయితే మూడు. ఎక్కువగా హైవే మీద తిరిగేవారు పైకి జరగవచ్చు, స్టీరింగు చురుకవుతుంది, ఇంధనం కొంచెం ఆదా అవుతుంది. ఊరి వీధుల్లో, స్పీడు బ్రేకర్ల మధ్య తిరిగేవారు అంకె దగ్గరే ఆగితే నడుముకు సుఖం. కిందకు జరగడానికి మాత్రం చోటు లేదు. గుంతలో పడ్డప్పుడు టైరు గోడ రోడ్డుకూ చక్రం అంచుకూ మధ్య నలగడం, పక్కన బొబ్బలా ఉబ్బు రావడం గాలి తక్కువైన టైర్లలోనే ఎక్కువ.

నాలుగు టైర్లూ నెలకోసారి కొలిచి ఫోనులో రాసుకోండి. మూడు టైర్లలో ఒక్కో పీఎస్ఐ తగ్గి, నాలుగో దాంట్లో నాలుగు తగ్గిందంటే అందులో మేకు ఉంది, లేదా వాల్వు కారుతోంది, లేదా చక్రం అంచు వంగింది. ఊరికే గాలి నింపుతూ పోకుండా షాపులో నీళ్లలో ముంచి చూపించండి.

కొన్ని కార్లలో గాలి తక్కువైందని హెచ్చరించే వ్యవస్థ చక్రాల తిరుగుడును పోల్చి ఊహించేది. గాలి సరిచేశాక దానికి రీసెట్ మీట నొక్కాలి. గాలి సరిచేయకుండా దీపం ఆర్పడానికి ఆ మీట నొక్కితే, తక్కువ గాలినే సరైన గాలిగా అది నేర్చుకుంటుంది.

చివరిది స్టెప్నీ. డిక్కీలో అన్నిటికంటే కింద ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. దానికి మిగతా వాటికంటే రెండు మూడు ఎక్కువే పెట్టి ఉంచండి, అవసరం పడినప్పుడు తగ్గించుకోవచ్చు, రోడ్డు పక్కన పెంచుకోలేరు. కారులో సన్నటి తాత్కాలిక చక్రం ఇచ్చి ఉంటే దాని గోడ మీద రాసిన అంకె, వేగం చదవండి. కొన్నింటికి 60 పీఎస్ఐ కావాలి, గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు కిట్టు, గాలి హెచ్చరిక వ్యవస్థ ఉన్న కార్లకు స్టెప్నీ ఇవ్వకపోయినా తప్పులేదు. మీ డిక్కీ అడుగున చక్రం బదులు పంక్చరు పూడ్చే ద్రవం డబ్బా, చిన్న పంపు ఉన్నాయేమో ఈరోజే తెరిచి చూడండి, ఉంటే ఆ డబ్బా మీద గడువు తేదీ కూడా చదవండి.